కేకే లైన్ ఘాట్ మోడల్: ప్రాజెక్టు డైరీ

జూన్

మేడ మీది గదిలో సున్నం, కరెంటు పని పూర్తయ్యాయి. లోపలి కొలత 6 మీటర్ల పొడవు, 3.6 మీటర్ల వెడల్పు. కొత్తవలస–కిరండూల్ (కేకే) రైల్వే లైన్లో ఏ ముక్కను మోడల్‌గా ఈ గదిలో పెట్టాలన్నదీ తేలిపోయింది. కింద బొడ్డవర, పైన శిమిలిగుడ, దారిలో త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు. శివలింగపురం, కరకవలస వదిలేస్తున్నాను. అన్నీ పెడితే స్టేషన్ల మధ్య కొండే మిగలదు, కొండ లేని కేకే లైన్ ఎవరికి కావాలి?

మనలో చాలామందికి ఇది అరకు వెళ్ళే కిటికీ సీటు లైను. 2017 ఏప్రిల్‌లో అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ బోగీ వచ్చాక మరీను. కానీ 1960లలో దీన్ని వేసింది బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి, అక్కణ్ణుంచి ఓడల్లో జపాన్‌కు పంపడానికి. లైను మొత్తంలో 58 సొరంగాలు. శిమిలిగుడ సముద్రమట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తులో ఉంటుంది. కశ్మీర్ లైన్ రాకముందు దేశంలోని బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో అదే ఎత్తయినదని చెప్పుకునేవాళ్ళం.

నా ప్లాన్ అంతా ఒక్క విషయం మీద నిలబడింది. గని కొండల మీద ఉంది, రేవు కింద ఉంది. అందువల్ల ఈ ఘాట్‌లో నిండు బండి దిగుతుంది, ఖాళీ బండి ఎక్కుతుంది. మా వీధిలో ఉండే రిటైర్డ్ లోకో పైలట్ గారికి కాగితం మీది గీతలు చూపిస్తే, ఆయన మొదటి మాటే అది. "ఎక్కడానికేటుంది బాబూ! దిగడంలోనే ఉంది పనంతా." మామూలుగా మోడల్ చేసేవాళ్ళు ఇంజను ఎంత బరువు లాగి కొండెక్కుతుందో చూసుకుని మురిసిపోతారు. నా లేఅవుట్‌లో అసలు పరీక్ష దిగేటప్పుడే జరగాలి.

స్కేల్ విషయం ఇక్కడే రాసి పెడతాను, ఎందుకంటే దీని మీద ఎవరితో మాట్లాడినా వాదన వస్తుంది. నేను తీసుకున్నది 1:87, అంటే హెచ్‌ఓ. ఈ స్కేల్‌లో మార్కెట్లో దొరికే ట్రాక్ గేజ్ (పట్టాల మధ్య దూరం) 16.5 మి.మీ. మన బ్రాడ్‌గేజ్ 1676 మి.మీ.ను 87తో భాగిస్తే 19.3 వస్తుంది. అంటే ట్రాక్ దాదాపు 3 మి.మీ. ఇరుకు. 19 మి.మీ. గేజ్ చేత్తో వేసుకునే ఓపికమంతులు ఉన్నారు, వాళ్ళంటే నాకు నిజంగా గౌరవం. కానీ పాయింట్లు (పట్టాలు చీలే చోట్లు), చక్రాలు, ఇంజను ఛాసిస్ అన్నీ చేత్తోనే చేసుకోవాలి. పక్కనుంచి చూసేటప్పుడు గేజ్ తేడా కనబడదు, వ్యాగన్ పొడవు, ఎత్తు తప్పితే మాత్రం వెంటనే కనబడుతుంది. అందుకే బాడీలు పక్కాగా 1:87, పట్టాలు 16.5.

జూన్ చివర

ఫ్రేముకు టేకు అక్కర్లేదు. 25 మి.మీ. ఇనుప చదరపు గొట్టాలు వెల్డింగ్ చేయించి, మీద ప్లైవుడ్ వేస్తున్నాం. ప్లై మాత్రం ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ రకమే తీసుకున్నాను. విశాఖ గాలిలో తేమకు మామూలు ప్లై ఉబ్బుతుంది, తర్వాత ఎండల్లో ముడుచుకుంటుంది. మన ట్రాక్ సమస్యల్లో చాలావాటికి మూలం పట్టాల వ్యాకోచం అనుకుంటాం కానీ, కింది చెక్క కదలికే అసలు కారణం. కోసిన ప్రతి ముక్కకూ రెండు వైపులా, అంచులతో సహా, ప్రైమర్ పూసి ఆరబెట్టాకే బిగించాం. "అడుగున పూసి ఏం లాభం సార్, ఎవరికి కనబడుతుంది" అని వడ్రంగి అడిగాడు. ఒక వైపే పూస్తే రెండో వైపు తేమ పీల్చి పలక వంగుతుందని చెప్పాను. తర్వాతి ముక్కలకు నేను చెప్పకుండానే పూశాడు.

జూలై

ఎత్తుల లెక్క. బొడ్డవర నేల నుంచి 95 సెం.మీ., శిమిలిగుడ 140 సెం.మీ. మధ్యలో 45 సెం.మీ. ఎక్కాలి. గోడల వెంట తిరిగే 16 మీటర్ల ట్రాక్‌కు 60కి 1 వాలు ఇచ్చాను. నిజమైన ఘాట్ వాలు కూడా అదే. దాంతో 27 సెం.మీ. వచ్చింది. మిగిలిన 18 సెం.మీ. బొర్రా దాటాక వచ్చే సొరంగం లోపల రెండు చుట్ల హెలిక్స్ (స్ప్రింగులా చుట్టూ తిరుగుతూ పైకెళ్ళే ట్రాక్) ఎక్కిస్తుంది. బండి సొరంగంలోకి వెళ్ళి, కొంతసేపు కనబడకుండా తిరిగి, శిమిలిగుడ దగ్గర బయటికొస్తుంది. ఆ లైన్లో వెళ్ళినవాళ్ళకు ఇది కొత్తేమీ కాదు.

వంపుల దగ్గరే రాజీ పడక తప్పదు. రైల్వేలో వంపును డిగ్రీల్లో చెబుతారు. 1750ని డిగ్రీలతో భాగిస్తే వ్యాసార్ధం మీటర్లలో వస్తుంది. 8 డిగ్రీల వంపంటే దాదాపు 219 మీటర్లు, స్కేల్‌లో రెండున్నర మీటర్లు. 3.6 మీటర్ల గదిలో అది మలుపు తిరగదు. కనబడే మూలల్లో 90 సెం.మీ., హెలిక్స్‌లో 75 సెం.మీ. వ్యాసార్ధం పెట్టాను.

75 సెం.మీ. వ్యాసార్ధానికి చుట్టు పొడవు 4.7 మీటర్లు. చుట్టుకు 9 సెం.మీ. ఎక్కితే వాలు 1.9 శాతం. వినడానికి తక్కువే, కానీ వంపులో చక్రాల అంచులు పట్టాను రాసుకుంటాయి కాబట్టి బండికి అది ఇంకా నిటారుగా ఉన్నట్టే తెలుస్తుంది. మోడలర్లు వాడే లెక్క ఒకటుంది: 32ను అంగుళాల్లోని వ్యాసార్ధంతో భాగించి, వచ్చిన శాతాన్ని వాలుకు కలపాలి. మన 75 సెం.మీ. అంటే 29.5 అంగుళాలు, అంటే ఇంకో 1.1 శాతం. మొత్తం 3 శాతం. ఖాళీ రేకు (వ్యాగన్లన్నీ కలిసిన వరుస) ఎక్కాల్సింది దీన్ని. ఈ 3 శాతం అన్న అంకె తర్వాతి పనులన్నిటికీ హద్దు గీసింది.

ఆగస్టు

పట్టాలకు కోడ్ 75 తీసుకున్నాను. కోడ్ అంటే పట్టా ఎత్తు, అంగుళంలో వెయ్యో వంతుల్లో. కోడ్ 100 పట్టా ఎత్తు 2.54 మి.మీ.; 87 రెట్లు చేస్తే 221 మి.మీ. మన 60 కిలోల పట్టా ఎత్తు 172, 52 కిలోలది 156. కోడ్ 75 అయితే 166 వస్తుంది, రెండింటికీ మధ్యన. కోడ్ 100 మీద ఏ బండి పెట్టినా బొమ్మలా కనబడేది ఇందుకే.

ఫ్లెక్సి ట్రాక్ (కావలసినట్టు వంచుకునే ట్రాక్) ముక్క 914 మి.మీ. వంపుల్లో కీళ్ళు పక్కకు విరుచుకోకుండా రెండు ముక్కల్నీ ముందే టంకం పెట్టి కలిపి, ఆ తర్వాత వంచాం. తిన్నటి దారిలో మాత్రం కీలు కీలుకూ పోస్టుకార్డు మందం ఖాళీ.

కరెంటు డీసీసీ, అంటే పట్టాల గుండానే ఒక్కో ఇంజనుకు విడివిడిగా ఆదేశాలు పంపే డిజిటల్ పద్ధతి. ఆర్డువినో మెగా అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద డీసీసీ-ఈఎక్స్ సాఫ్ట్‌వేర్ నడుస్తోంది, దాని బాధ్యత మేనల్లుడిది. కింద 2.5 చదరపు మి.మీ. రాగి తీగలు రెండు గది చుట్టూ తిరుగుతాయి, ప్రతి ట్రాక్ ముక్క నుంచీ వాటికి సన్న తీగలు దిగుతాయి. పట్టాలు కలిపే క్లిప్పుల మీద కరెంటుకు నమ్మకం పెట్టుకోలేదు. సముద్రపు గాలి ఉన్న ఊళ్ళో ఆ క్లిప్పు లోపల పొర కడుతుంది. తీగలన్నీ అయ్యాక లేఅవుట్ పొడవునా అడుగడుగునా పట్టాల మీద రూపాయి బిళ్ళ అడ్డం పెట్టి చూశాం. పెట్టిన ప్రతి చోటా బూస్టర్ (పట్టాలకు కరెంటు ఇచ్చే పరికరం) టక్కున ఆగాలి. ఆగకపోతే ఆ దారిలో తీగ సన్నమనో, టంకం వదులనో అర్థం. అక్కడ బండి పట్టా తప్పితే కరెంటు ఆగకుండా పారి చక్రాలు, ట్రక్కులు (వ్యాగన్ కింద చక్రాలను పట్టుకునే చట్రాలు) కరిగిపోతాయి.

సెప్టెంబరు: వ్యాగన్లు

ఇక నాకు ఇష్టమైన పని. రేకు మొత్తం బాక్స్ఎన్ అనే మూత లేని పెట్టె వ్యాగన్లు. అసలు వ్యాగన్ కప్లర్ (వ్యాగన్లను కలిపే కొక్కెం) నుంచి కప్లర్‌కు 10.713 మీటర్లు, మన స్కేల్‌లో 123 మి.మీ. 58 వ్యాగన్ల పూర్తి రేకు పెడితే 7 మీటర్లు దాటి, గది కంటే పొడుగవుతుంది. మన స్టేషన్ లూపు (బండి ఆగే పక్క లైను) 2.6 మీటర్లే, అందుకని 15 వ్యాగన్లు, రెండు ఇంజన్లు, గార్డు బ్రేక్ వ్యాన్. కేకే లైన్లో మూడు డబ్ల్యూఏజీ-5 కరెంటు ఇంజన్లు కలిసి లాగడం పేరున్న దృశ్యం. 15 వ్యాగన్ల ముందు మూడు పెడితే ఇంజన్లే బండి అయిపోతాయి, రెండే అందంగా ఉన్నాయి.

పెట్టెల్ని రెజిన్ ప్రింటర్లో తీశాం. పక్క పలకల మీది నిలువు బద్దీలు, తలుపుల కీళ్ళు బాగా వచ్చాయి. రెజిన్ పెళుసు కాబట్టి కప్లర్ బిగించే చోట రంధ్రంలో ఇత్తడి గొట్టం ముక్క దించి, స్క్రూ దానిలోకి వెళ్ళేలా చేశాను.

ఖాళీ రేకు, నిండు రేకు వేరువేరుగా కట్టాను. మూత లేని వ్యాగన్ కదా, ఖాళీగా ఉంటే అడుగు కనబడుతుంది. మూసిన వ్యాగన్లో లాగా లోపల బరువు దాచేందుకు వీల్లేదు. బరువు లేకపోతే వంపులో ముందు ఇంజను లాగుతుంటే మధ్య వ్యాగన్లు తీగ బిగిసినట్టు లోపలి వైపుకు ఒరిగి పట్టా దిగుతాయి. ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ (అమెరికాలోని మోడల్ రైలు సంఘం) సిఫారసు ప్రకారం ఒక్కో వ్యాగన్‌కు ఒక ఔన్సు, ప్రతి అంగుళం పొడవుకు ఇంకో అర ఔన్సు; మన బాక్స్ఎన్‌కు అది 97 గ్రాములు. పెట్టె, ట్రక్కులు, కప్లర్లు కలిపి 45 గ్రాములే తూగాయి. అడుగు కింద, ట్రక్కుల మధ్య నడుము భాగంలో 3 మి.మీ. ఇనుప పట్టీని 75 మి.మీ. పొడవు, 20 మి.మీ. వెడల్పు కోసి అతికిస్తే ఇంకో 35 గ్రాములు పెరిగింది. మొత్తం 80. సిఫారసు కంటే తక్కువే, కానీ బరువు బాగా కిందికి ఉంది కాబట్టి హెలిక్స్‌లో చక్కగా నిలబడుతోంది. పట్టీని పక్కనుంచి చూస్తే బ్రేకు సామాను చీకట్లో ఉన్నట్టే కనబడుతుంది.

నిండు వ్యాగన్ సంగతి వేరు. ఇనుప ఖనిజం ఎంత బరువంటే, బాక్స్ఎన్ పెట్టెలో సగం కూడా నిండకముందే పరిమితి వచ్చేస్తుంది. పెట్టె సామర్థ్యం 56 ఘనమీటర్లు, మోయగలిగింది 59 టన్నుల లోపు. బొగ్గు అయితే అంచు దాకా కుప్ప పోస్తారు. ఖనిజం బండిని పై వంతెన మీద నుంచి చూస్తే ఖాళీ బండేమో అనిపిస్తుంది. అందుకే ఖనిజం పొరను 9 మి.మీ. మందమే ఉంచాను. చాలా మోడళ్ళలో ఖనిజాన్ని గుమ్మటంలా పోసి పెడతారు, చూడగానే మనసు చివుక్కుమంటుంది. పొర కింద సైకిల్ బేరింగ్ గుళ్ళు ఫెవికాల్‌లో గట్టిపరచి, ఒక్కో వ్యాగన్‌ను 120 గ్రాములకు తెచ్చాను. పైన ఇటుక పొడి, ఎర్రమట్టి, కాస్త నల్ల రంగు కలిపి జల్లెడ పట్టిన రజను. అసలు ఖనిజమే తెచ్చి వాడమని ఇద్దరు ముగ్గురు అన్నారు. ఇనుము కలిసిన రజను రాలితే ఇంజను మోటారు అయస్కాంతానికి పట్టుకోవచ్చు. ఇటుక పొడితో ఆ భయం లేదు.

అక్టోబరు: చక్రాలు

వ్యాగన్ ఎంత తేలిగ్గా దొర్లుతుందో కొలవడానికి మీటరు పొడవు అల్యూమినియం చానల్‌లో ట్రాక్ అతికించాను. ఒక చివర నెమ్మదిగా ఎత్తుతూ, వ్యాగన్ తనంతట తాను కదిలిన ఎత్తును మి.మీ.లో చూడాలి. ట్రక్కులతో వచ్చిన ప్లాస్టిక్ చక్రాలు 33 మి.మీ. దగ్గర కదిలాయి, అంటే 3.3 శాతం. హెలిక్స్ 3 శాతానికి ఇది కలిస్తే, 15 ఖాళీ వ్యాగన్లకు దాదాపు 75 గ్రాముల లాగుడు కావాలి. 350 గ్రాముల ఇంజను చక్రం జారకుండా లాగేది ఉరామరికగా 70 గ్రాములు.

చక్రాలన్నీ మార్చాను. 11 మి.మీ. లోహపు చక్రాలు, సూది మొన ఇరుసులు. అసలు వ్యాగన్ చక్రం కొత్తగా ఉన్నప్పుడు 1000 మి.మీ., స్కేల్‌లో పదకొండున్నర, కాబట్టి ఎత్తులో పెద్ద తేడా లేదు. ఇరుసు మొన కూర్చునే గుంటల్ని రీమర్‌తో ఒక్క తిప్పు తిప్పి శుభ్రం చేసి, గ్రాఫైట్ పొడి వేశాను. నూనె వేయకూడదు, ధూళిని పట్టి నెల తిరిగేసరికి ముద్ద చేస్తుంది. ప్రతి ఇరుసునూ గేజ్ పెట్టి చూసి, చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం 14.4 మి.మీ.కు సరిచేశాను. ఇది పాయింట్ల మీద పట్టా తప్పడాన్ని ఆపే పని, చక్రాలు కొత్తవైనా చూడాల్సిందే.

తర్వాత ట్రక్కుల బిగింపు. ఒక ట్రక్కు అటూ ఇటూ తిరగాలి తప్ప ఒరగకూడదు. రెండోది తిరగాలి, ఒరగాలి కూడా. ఇలా చేస్తే వ్యాగన్ మూడు బిందువుల మీద నిలబడుతుంది, ట్రాక్ కాస్త మెలి తిరిగినా ఎనిమిది చక్రాల్లో ఏదీ గాల్లో ఉండదు. ఒక్క స్క్రూను అర తిప్పు వదులు చేయడమే పనంతా.

కప్లర్లు పిడికిలి రకం. మన గూడ్సు వ్యాగన్ల సెంటర్ బఫర్ కప్లర్‌కు ఇవే దగ్గరి పోలిక. కింద వేలాడే ఇనుప తీగను కోసేశాను, అయస్కాంతంతో విడదీసే ఆలోచన లేదు కాబట్టి.

ఇన్నీ అయ్యాక అదే చానల్ మీద వ్యాగన్ 11, 12 మి.మీ. దగ్గర దొర్లిపోయింది. ఖాళీ రేకు ఒక్క ఇంజనుతోనే హెలిక్స్ ఎక్కింది, పైకొచ్చాక కూడా వేగం తగ్గలేదు. మేనల్లుడు "మావయ్యా, రెండో ఇంజను అలంకారమే ఇక" అన్నాడు. నాకు మాత్రం రెండూ ఉండాల్సిందే.

నవంబరు: దిగడం

చక్రాలు తేలికయ్యేసరికి నిండు రేకు తన స్వభావం చూపించింది. 1.8 కిలోల బండి హెలిక్స్‌లో ఉన్నంతసేపు వంపు రాపిడి వాలును మించుతుంది, కాబట్టి ఇంజను దాన్ని లాగుతూనే ఉంటుంది. బొర్రా దాటి తిన్నటి దారికి రాగానే రాపిడి తగ్గి, వ్యాగన్లు ఇంజనును వెనకనుంచి నెడతాయి. తర్వాతి మూలలో మళ్ళీ లాగుడు. నెట్టేది పది గ్రాముల బలమే, కానీ ఇంజను లోపలి వర్మ్ గేరుకు (మరలాంటి గేరుకు) ముందుకూ వెనక్కూ కాస్త ఆట ఉంటుంది. బలం దిక్కు మారినప్పుడల్లా ఆ గేరు అటు నుంచి ఇటు కొట్టుకుని, బండి మొత్తం ఎక్కిళ్ళు పడుతున్నట్టు కుదుపుతుంది. 15 కప్లర్ల మధ్య ఖాళీలు దాన్ని పెద్దది చేస్తాయి.

రెండు వైపుల నుంచీ పట్టుకున్నాం. ఇంజన్లు విప్పి, వర్మ్ రెండు చివర్లా 0.1 మి.మీ. వాషర్లు చేర్చి ఆటను దాదాపు లేకుండా చేశాను. వాషర్ ఎక్కువైతే గేరు బిగుసుకుని మోటారు వేడెక్కుతుంది. వేలితో తిప్పితే ఇంకా తేలిగ్గా తిరగాలి, ఊపితే చప్పుడు రాకూడదు.

రెండోది నాకు భలే నచ్చిన పరిష్కారం. నిండు రేకు చివరి బ్రేక్ వ్యాన్‌లో, అడుగు నుంచి సన్నటి ఫాస్ఫర్ బ్రాంజ్ పట్టీ ఒకటి ఇరుసును మెత్తగా తాకేలా పెట్టాను. దాని రాపిడి 15 గ్రాములు. వెనకనుంచి పట్టి ఉంచడం వల్ల రేకు ఎప్పుడూ సాగి ఉంటుంది, నెట్టే అవకాశమే రాదు. బ్రేక్ వ్యాన్ నిజంగానే బ్రేకు పని చేస్తోంది! ఎక్కే ఖాళీ రేకు వ్యాన్‌కు ఈ పట్టీ లేదు.

డీకోడర్ల (ఇంజన్లలో ఆదేశాలు అందుకునే చిప్‌ల) సర్దుబాటు మేనల్లుడు చూశాడు. రెండు ఇంజన్లను సీవీ 19తో (సీవీ అంటే డీకోడర్‌లో మార్చుకోగల సెట్టింగు) జత కట్టి, సీవీ 2, 6, 5లతో తక్కువ, నడిమి, గరిష్ఠ వేగాలు కలిపాడు. మోటారు వేగాన్ని తనంతట సరిచేసుకునే బ్యాక్ ఈఎమ్ఎఫ్ రెండింటిలోనూ గట్టిగా ఉంటే ఇంజన్లు ఒకదానితో ఒకటి పోట్లాడతాయి. పూర్తిగా తీసేస్తే వాలులో బండి వేగం పెరుగుతుంది. ముందు ఇంజనుకు ఉంచి, వెనకదానికి బాగా తగ్గిస్తే కుదిరింది.

లోకో పైలట్ గారిని పిలిచి థ్రాటిల్ చేతికిచ్చాం. శిమిలిగుడ నుంచి బొడ్డవర దాకా ఒక్కటే వేగంతో దించారు. "కొంచెం నెమ్మదిగా దించాల బాబూ, ఇంత వేగం మేం ఎరగం" అన్నారు. గరిష్ఠ వేగాన్ని తగ్గించేశాం.

డిసెంబరు

ప్రయాణికుల బండి. ఐసీఎఫ్ (చెన్నై కోచ్ ఫ్యాక్టరీ) రకం బోగీ బఫర్ నుంచి బఫర్‌కు 22.3 మీటర్లు, మనకు 256 మి.మీ. దాని ట్రక్కుల మధ్య దూరం 170 మి.మీ., కాబట్టి 75 సెం.మీ. వంపులో నడుము భాగం దాదాపు 5 మి.మీ. లోపలికి వస్తుంది. హెలిక్స్ స్తంభాలు ముందే దూరంగా పెట్టడం కలిసొచ్చింది. విస్టాడోమ్ పైకప్పు అద్దానికి అంకుడు కర్రతో దిమ్మ చెక్కించాను. ఏటికొప్పాక బొమ్మలు చేసే కర్ర అది, ఉప్పుకాగితం పెడితే అద్దంలా నున్నబడుతుంది. అరమిల్లీమీటరు పారదర్శక పెట్ ప్లాస్టిక్ షీటును వేడిచేసి దాని మీద దించితే కప్పు వంపు ఒక్క ముక్కగా వచ్చింది.

జనవరి

కొండ పని. థర్మకోల్ మెట్లు, మీద కాగితం గుజ్జు. బొర్రా దగ్గరి రాతి ముఖాలకు కొండపల్లి బొమ్మల మక్కు పద్ధతి వాడాను: చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్ద. ప్లాస్టర్ కంటే తేలిక, చాకుతో గీస్తే రాతి పొరల్లా వస్తుంది, ఆరాక పగలదు. కాస్త మైలుతుత్తం కలిపితే పురుగు పట్టదు.

శిమిలిగుడ వెనక వలిసె చేను వేశాను. లేఅవుట్ కాలాన్ని 2017 చివరగా పెట్టుకున్నది కూడా కొంత దానికోసమే: విస్టాడోమ్ వచ్చేసింది, వలిసె పూసే కాలం. పసుపు రంగేసిన పొట్టును ఆకుపచ్చ మీద పలచగా చల్లాలి, దట్టంగా చల్లితే ఆవ చేను అయిపోతుంది. కాఫీ తోటకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు సన్నగా, నిటారుగా ఉండాలి. వాటి మొదళ్ళకు మిరియాల తీగ చుట్టడం ఇంకా మిగిలుంది.

విద్యుత్ స్తంభాలు మొదలుపెట్టాం. అసలు లైన్లో స్తంభాల మధ్య దూరం 27 నుంచి 72 మీటర్ల దాకా, 4.5 మీటర్ల మెట్లుగా మారుతుంది. వంపు ఎక్కువైతే దూరం తగ్గుతుంది. మనకు మూలల్లో 31 సెం.మీ., తిన్నటి దారిలో 50. తీగలో కరెంటు ఉండదు, కానీ పాంటోగ్రాఫ్ (ఇంజను కప్పు మీద తీగను తాకే చట్రం) దానికి తగులుతూనే వెళ్ళాలి. హెలిక్స్‌లో తీగ లేదు, కాబట్టి సొరంగం నోటి దగ్గర పాంటోగ్రాఫ్‌ను కిందికి నొక్కి తీసుకెళ్ళే వాలు పట్టీ ఒకటి వంచాలి. చిమిడిపల్లి వైపు తొమ్మిది స్తంభాలు నిలబడ్డాయి. వచ్చే వారం మేనల్లుడికి సెలవులు, ఇద్దరం కూర్చుని త్యాడ దాకా తీగ లాగుతాం.